ఇల్లు ఇక్కడ, మనుషులు అక్కడ: చిరాన్ ప్యాలెస్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా

హైదరాబాదులో అత్యంత ఖరీదైన నేల మధ్యలో ఒక అడవి ఉంది. కాగితాల మీద దాని పేరు కాసు బ్రహ్మానందరెడ్డి నేషనల్ పార్క్. జనం నోట్లో కేబీఆర్ పార్క్. దాదాపు 140 హెక్టార్లు. ఒకవైపు జూబ్లీహిల్స్, ఇంకోవైపు బంజారాహిల్స్, కాస్త ముందుకెళ్తే ఫిల్మ్‌నగర్. గజం లక్షల్లో పలికే చోట నెమళ్ళు తిరుగుతుంటాయి. పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళలో నిర్మాతలుంటారు, డాక్టర్లుంటారు, రిటైరైన అధికారులుంటారు. వాళ్ళ మాటల్లో షుగరు, మోకాళ్ళు అయిపోయాక తప్పకుండా వచ్చే మూడో సంగతి పిల్లలు. "పెద్దవాడు డాలస్‌లో, చిన్నది లండన్‌లో." "మీరూ వెళ్ళిపోవచ్చుగా?" "వెళ్తే ఈ ఇల్లెవరు చూస్తారండీ!"

వాళ్ళు నడుస్తున్న అడవికి కూడా ఒకప్పుడు ఇదే సమస్య వచ్చింది. పార్కు లోపల, చెట్ల మధ్య, చిరాన్ ప్యాలెస్ అని ఒక భవనం ఉంది. దాని చుట్టూ ఉన్న సుమారు 400 ఎకరాలూ ఒకప్పుడు ఒకే మనిషివి. ఆయన పేరు మీర్ బర్కత్ అలీ ఖాన్ ముకర్రం జా, ఎనిమిదో నిజాం అనిపించుకున్నాయన. 1970ల మొదట్లో ఆయన ఇదంతా వదిలేసి ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. వెళ్ళకుండా ఇక్కడే కూర్చుని ఉంటే ఈ నేల ఎప్పుడో ప్లాట్లయి, రోడ్ నంబర్లు పడి, గేటెడ్ కమ్యూనిటీ అయ్యేదని నా అనుమానం.

డబ్బున్న కుటుంబాలు రెండుమూడు దేశాల్లో కాపురముంటే లాభమా నష్టమా అన్న చర్చ ఇప్పుడు ప్రతి జూబ్లీహిల్స్ డ్రాయింగ్ రూములోనూ నడుస్తోంది. వీసాలు, పన్నులు, స్కూళ్ళు, స్టూడియో ఎవరు చూసుకోవాలి లాంటివన్నీ అందులోకి వస్తాయి. ఈ చర్చ కొత్తదేమీ కాదు. తొంభై ఏళ్ళ కిందటే ఈ ఊరి అత్యంత ధనిక కుటుంబం దీన్ని చాలా పెద్ద ఎత్తున చేసి చూసింది. ఫలితాలన్నీ మన కళ్ళ ముందే ఉన్నాయి. వాటిని పక్కనే ఉన్న సినిమా కుటుంబాల కథతో కలిపి చదివితే నాకొక సంగతి తెలిసింది. ఎవరు ఏ దేశంలో ఉన్నారన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ ఇంటి ఆస్తిలో ఏది వెంట తీసుకెళ్ళగలిగేది, ఏది కానిది అన్నది.

*

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ని 1937 ఫిబ్రవరిలో 'టైమ్' పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ముఖచిత్రం మీద వేసింది. అంత డబ్బుండీ ఆయన జీవితంలో విదేశీ గడ్డ మీద కాలు పెట్టలేదు. కానీ కోడళ్ళని మాత్రం ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్నారు.

దాని వెనకాల ఇంకో కుటుంబం ప్రవాసం ఉంది. 1924 మార్చిలో టర్కీ కొత్త రిపబ్లిక్ ఖలీఫా పదవిని రద్దు చేసింది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ని కుటుంబంతో సహా దేశం దాటించింది. ఆయన చివరికి ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డునున్న నీస్ పట్టణంలో స్థిరపడ్డారు. నిజాం ఆయనకి భత్యం పంపేవారు. 1931 నవంబర్ 12న ఆ నీస్‌లోనే రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. నిజాం పెద్దకొడుకు ఆజం జాకి ఖలీఫా కూతురు దుర్రు షెహవార్‌తో, రెండో కొడుకు మొఅజ్జం జాకి ఉస్మానియా వంశంలోనే ఇంకో అమ్మాయి నీలోఫర్‌తో.

రాజ్యం పోయి పరాయి దేశంలో బతుకుతున్న ఇంటి నుంచి, రాజ్యం ఉండి ఇల్లు కదలని ఇంటికి వచ్చారు ఆ ఇద్దరూ. దాంతో ఈ ఊరికి కలిగిన లాభం చిన్నదేమీ కాదు. పరదాలో పుట్టి పరదాలోనే పోయే ఆడవాళ్ళున్న జనానాలోకి, నాలుగైదు భాషలొచ్చి, నలుగురిలోకి వచ్చి మాట్లాడే ఇద్దరు యువతులు వచ్చారు. నీలోఫర్ దగ్గర పనిచేసే ఒకమ్మాయి కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయింది. ఆ దుఃఖం లోంచి వచ్చిందే రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి. ఈ ఊళ్ళో పుట్టిన లక్షలమంది పిల్లలకి ఆ పేరు తెలుసు. ఆ పేరు ఎవరిదో మాత్రం చాలామందికి తెలీదు. పాతబస్తీలో పిల్లల ఆసుపత్రికి దుర్రు షెహవార్ పేరుంది. విదేశీ సంబంధం వల్ల ఒక ధనిక కుటుంబానికి ఏమొస్తుందని అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళు రోజూ చూసీ చూడని లోటు, బయటినుంచి వచ్చినవాళ్ళ కంట పడుతుంది.

నష్టం కూడా ఆ ఇంట్లోనే మొదలైంది. దుర్రు షెహవార్‌కి 1933లో నీస్‌లోనే పుట్టిన ముకర్రం జా పెంపకం మొత్తం ఒకే దిక్కుకి జరిగింది. డెహ్రాడూన్‌లో డూన్ స్కూలు, ఇంగ్లండులో హారో, కేంబ్రిడ్జి, సాండ్‌హర్స్ట్ సైనిక అకాడెమీ. ఈ పిల్లవాడికి ఏ దేశంలోనైనా పరిచయం లేకుండా పదిమందితో కలిసి భోంచేయడం వచ్చు. హైదరాబాదులో ఏ దేవిడీ ఎవరి అధీనంలో ఉందో, ఏ ముతవల్లీ ఎవరి మనిషో, ఏ గుమాస్తా మాట నమ్మొచ్చో మాత్రం తెలీదు. అది హారోలో చెప్పరు. ఉస్మాన్ అలీ ఖాన్ 1950ల్లో కొడుకుని పక్కనబెట్టి, ఈ మనవణ్ణే వారసుడిగా ప్రకటించారు.

*

1967 ఫిబ్రవరిలో తాత పోయారు. ఏప్రిల్‌లో చౌమహల్లాలో ముకర్రం జా గద్దెనెక్కారు. రాజ్యం పోయి అప్పటికే పంతొమ్మిదేళ్ళు. చేతికొచ్చింది ఆస్తి, దానికి అతుక్కుని ఉన్న జనం. ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళ లెక్క ప్రకారం ఆయన మీద ఆధారపడ్డ నౌకర్లు, పరివారం కలిపి పధ్నాలుగు వేలమందికి పైమాటే. దీపాల గుత్తులు తుడవడానికే ప్రత్యేకంగా మనుషులు. గ్యారేజీలో అరవై కార్లుంటే నడిచేవి నాలుగు. తాత పెట్టిపోయిన ట్రస్టులు డజన్ల కొద్దీ. ప్రతి ట్రస్టుకీ వాటాదారులు, ప్రతి వాటాదారుకీ ఒక లాయరు.

ఇక్కడ మనం కాస్త న్యాయంగా మాట్లాడుకోవాలి. 'తాతలనాటి ఆస్తి తగలేశాడు' అని పాతబస్తీలో ఇప్పటికీ అంటారు. కానీ ఆ కుటుంబాన్ని తగిలిన దెబ్బలన్నీ ఒకే దేశంలో, ఒకే రాజకీయం లోంచి వచ్చినవి. 1948లో పోలీస్ యాక్షన్, రాజ్యం పోయింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ, రాజభరణం పోయింది. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. హైదరాబాదులో ఒక మనిషి ఉంచుకోదగ్గ ఖాళీ స్థలం 1,000 చదరపు మీటర్లని అది తేల్చింది. నాలుగు వందల ఎకరాల కొండకి ఆ లెక్క కట్టి చూడండి. ఇవి న్యాయమైన చట్టాలా కాదా అన్నది వేరే సంగతి. ప్రజాస్వామ్యంలో రాజభరణాలు నిలవవు, నిలవకూడదు అనే నేనూ అనుకుంటాను. కానీ ఉన్నదంతా ఒకే సర్కారు చేతికింద పెట్టుకున్న కుటుంబానికి 'కొంత బయట ఉండాలి' అన్న ఆలోచన రావడం పిచ్చితనం కాదు. డబ్బున్నవాళ్ళు ఇవాళ దుబాయ్ గోల్డెన్ వీసా తీసుకోవడం వెనక ఉన్నదీ అదే భయం.

ముకర్రం జాకి యంత్రాలంటే పిచ్చి. చిరాన్ ప్యాలెస్ ఆవరణలో గుర్రపుశాలల పక్కనే భారీ వాహనాలు, క్రేన్లు బాగుచేసే వర్క్‌షాపు ఉండేది. పాత కారు విప్పి మళ్ళీ బిగించడంలో ఉన్న సుఖం ఆయనకి దర్బారులో లేదు. కేంబ్రిడ్జి నాటి స్నేహితుణ్ణి చూడ్డానికి పెర్త్ వెళ్ళినాయనకి ఆ ఖాళీ నేల నచ్చేసింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో కల్‌బారీ అనే ఊరి దగ్గర మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే గొర్రెల ఫారం కొన్నారు. లక్షల ఎకరాలు. అక్కడ స్వయంగా బుల్డోజరు నడిపేవారు. సలాములు కొట్టేవాళ్ళు లేరు, వాటా అడిగే పినతండ్రులు లేరు. ఆ ఫారం మీద ఆయన సంతోషంగానే ఉన్నారని చదివినప్పుడు నాకు నమ్మబుద్ధయింది. విదేశంలో ఉండటం వల్ల ధనవంతుడికి దొరికే అతి పెద్ద సుఖం బహుశా ఇదే, తను ఎవరో ఎవరికీ తెలియకపోవడం. సినిమావాళ్ళ పిల్లలు అమెరికాలో చదివొచ్చాక ఇచ్చే ఇంటర్వ్యూలు చూడండి. 'అక్కడ నేను మామూలు స్టూడెంటుని' అన్న మాట ఏదో రూపంలో దొర్లుతుంది.

*

ఆయన సంతోషం సంగతి సరే, ఇక్కడేం జరిగిందో చూద్దాం.

ఆస్తి ఇక్కడ, యజమాని పెర్త్‌లో. సంతకం కావాలంటే కాగితం సముద్రం దాటి వెళ్ళి రావాలి. కాబట్టి వ్యవహారాలు ఇక్కడి మేనేజర్లు, ఏజెంట్ల చేతుల్లోకి వెళ్ళాయి. మన తెలుగు ఇళ్ళల్లో జి.పి.ఏ. అన్న మూడక్షరాలకి ఎంత చరిత్ర ఉందో మీకు చెప్పక్కర్లేదు. ఊళ్ళో లేని మనిషి తరఫున ఊళ్ళో ఉన్న మనిషి అమ్మగలడు. మంచివాడైతే యజమానికి డబ్బు చేరుతుంది. కాకపోతే ఏళ్ళ తర్వాత, అదీ కోర్టులో, తెలుస్తుంది. చౌమహల్లా ఒకప్పుడు 45 ఎకరాలంటారు. ఇప్పుడు మిగిలింది పన్నెండో ఎంతో. చిరాన్ చుట్టూ ఉన్న భూమి భూపరిమితి కింద సర్కారుకి పోయి, 1998లో నేషనల్ పార్క్ అయింది. భవనం, దాని చుట్టూ కొన్ని ఎకరాలు మాత్రం పార్కు లెక్కలోకి రాకుండా మిగిలాయి.

నగల సంగతి మరీ విచిత్రం. నేల కదలదు, కానీ నగలు కదులుతాయి కదా, పెట్టెలో పెట్టి ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు కదా అనుకుంటాం. నిజాం నగలు కదల్లేదు. ట్రస్టు పేర ఉన్నవి, పురావస్తు విలువ ఉన్నవి, దేశం దాటించడానికి వీల్లేనివి. కేంద్ర ప్రభుత్వంతో బేరం, కోర్టు కేసులు ఇరవై ఏళ్ళకు పైగా సాగాయి. 1995లో జాకబ్ వజ్రంతో సహా 173 నగలు 218 కోట్ల రూపాయలకి ప్రభుత్వానికి వెళ్ళాయి. అంతర్జాతీయ వేలంలో అయితే ఇంతకి ఎన్నో రెట్లు వచ్చేదని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. వచ్చింది కూడా వారసుల మధ్య, అప్పులవాళ్ళ మధ్య పంచుకుపోయింది. ఆస్ట్రేలియా ఫారం అప్పులకింద చేజారింది. 1996లో ఆయన టర్కీ వెళ్ళి, అంతల్యాలో ఒక మామూలు ఫ్లాట్‌లో ఉన్నారు.

మరి బయటి దేశంలో పెట్టిన డబ్బు? దానికీ ఒక కథ ఉంది. 1948 సెప్టెంబర్‌లో, పోలీస్ యాక్షన్ జరుగుతున్న రోజుల్లో, హైదరాబాద్ ఖజానాకి చెందిన పది లక్షల పౌండ్లు లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ పేర ఉన్న ఖాతాలోకి మారాయి. నిజాం వెంటనే వెనక్కి అడిగారు. బ్యాంకు ఇవ్వలేదు. ఆ డబ్బు ఎవరిదో తేల్చడానికి 71 ఏళ్ళు పట్టింది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు అది భారత ప్రభుత్వానికీ, ముకర్రం జాకీ, ఆయన తమ్ముడికీ చెందుతుందని తీర్పు చెప్పింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. అడిగిన తాత పోయి 52 ఏళ్ళు. గెలిచిన మనవడికి 85 దాటాయి. విదేశీ బ్యాంకు డబ్బుని భద్రంగానే ఉంచింది. యజమానికి అందకుండా కూడా ఉంచింది.

ఈ లెక్కల్లో ఎక్కడా కనపడనివాళ్ళు ఆ పధ్నాలుగు వేలమంది. వాళ్ళలో చాలామందికి ఆ ఇల్లు తప్ప ఇంకో బతుకు తెలీదు. దర్బారు తుడిచేవాడికి, నీళ్ళు మోసేవాడికి పెర్త్ వీసా లేదు. యజమాని దేశం మారితే అది ఆయనకి జీవనశైలి మార్పు. వాళ్ళకి ఉద్యోగం పోవడం. ధనిక కుటుంబాల విదేశ నివాసం గురించి ఎవరు రాసినా లాభనష్టాలు ఆ కుటుంబం వైపు నుంచే రాస్తారు. ఇంటి వెనక గదుల్లో ఉన్నవాళ్ళ పేజీ ఎప్పుడూ ఖాళీ.

*

ఇప్పుడు పార్కు దాటి ఫిల్మ్‌నగర్ వైపు వద్దాం. ఇక్కడ కథ తిరగేసి నడిచింది.

తెలుగు సినిమా కుటుంబాలు మొదట ప్రవాసులే. మద్రాసులో సంపాదించి, మద్రాసులో ఇళ్ళు కట్టుకున్నారు. రామారావుగారిల్లు త్యాగరాయనగర్ బజుల్లా రోడ్డులో ఉండేది. అది విదేశం కాదు గానీ, బతికే భాష వేరు, పని భాష వేరు. 1960ల్లోనే అక్కినేని నాగేశ్వరరావు హైదరాబాదు మకాం మార్చారు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టారు. బండరాళ్ళ మధ్య 22 ఎకరాలు. కృష్ణ పద్మాలయా స్టూడియోస్, రామానాయుడు తన స్టూడియో ఫిల్మ్‌నగర్ కొండ మీద కట్టారు. ఒక కొండ మీద యజమాని లేని ప్యాలెస్ చుట్టూ ముళ్ళపొదలు పెరుగుతున్న ఏళ్ళలోనే, పక్క కొండ మీద వీళ్ళు రాళ్ళు కొట్టించి ఫ్లోర్లు వేయించారు.

వీళ్ళూ పిల్లల్ని విదేశాలకి పంపారు. నాగార్జున మిషిగన్‌లో ఇంజనీరింగ్ చదివారు. వెంకటేశ్ కాలిఫోర్నియాలో మాంటెరేలో ఎం.బి.ఏ. చేశారు. ఇద్దరూ తిరిగొచ్చారు. 1986లో, మూడు నెలల తేడాతో, ఒకరు 'విక్రమ్'తో, ఇంకొకరు 'కలియుగ పాండవులు'తో హీరోలయ్యారు. అదే కాలంలో జూబ్లీహిల్స్ డాక్టర్ల పిల్లలు, ఇంజనీర్ల పిల్లలు వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉండిపోయారు. మరి వీళ్ళెందుకు వచ్చారు?

దేశభక్తి, తల్లి మీద బెంగ లాంటివి ఉండొచ్చు, కాదనను. కానీ ఆర్థిక కారణం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. డాక్టరు చదువు డెట్రాయిట్‌లోనూ పనికొస్తుంది. సినిమా కుటుంబం ఆస్తిలో అసలు విలువైన భాగం ఇంటిపేరు, ప్రేక్షకుడి అభిమానం, పంపిణీదారుడి నమ్మకం, స్టూడియో, అన్నిటికీ మించి తెలుగు. ఇందులో ఒక్కటి కూడా సూట్‌కేసులో పట్టదు. మాంటెరేలో రామానాయుడుగారబ్బాయి అంటే ఎవరు? ఫిల్మ్‌నగర్‌లో అయితే ఆ మాటకే గేటు తెరుచుకుంటుంది. కదలని ఆస్తి వాళ్ళని వెనక్కి లాగింది. వాళ్ళకది ముందే తెలుసు. నిజాం మనవడికి తన ఆస్తి కదిలేదా కాదా అన్నది వెళ్ళాక తెలిసింది.

దీనికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. తిరిగొచ్చిన పిల్లలకి గేటు తెరుచుకున్నప్పుడల్లా, కృష్ణానగర్ గల్లీలో అద్దెగదిలో ఉండి వేషం కోసం తిరిగే కుర్రాడికి అది మూసుకున్నట్టే. వారసులు అమెరికాలో ఉండిపోయి ఉంటే తెలుగు సినిమాకి ఇంకా కొత్త మొహాలు, కొత్త కథలు వచ్చేవేమో. కుటుంబానికి లాభమైన తిరుగు ప్రయాణం పరిశ్రమకి కూడా లాభమేనని ఎవరూ గుడ్డిగా అనుకోనక్కర్లేదు.

ఇంతలో ఇంకో మార్పు జరిగింది. కుటుంబం విదేశం వెళ్ళలేదు గానీ ప్రేక్షకుడు వెళ్ళాడు. న్యూజెర్సీలో, డాలస్‌లో, బే ఏరియాలో మన ఊరికన్నా ముందే ప్రీమియర్ పడుతుంది. ఫిల్మ్‌నగర్ ఇల్లు కదలకుండానే డాలర్ ఆదాయం ఇంటికొస్తోంది. వెళ్ళిన తెలుగువాళ్ళ డబ్బు ఇంకో రూపంలోనూ తిరిగొచ్చింది. క్యాన్సర్‌తో పోయిన భార్య పేర రామారావు తలపెట్టిన బసవతారకం ఇండో అమెరికన్ ఆసుపత్రి 2000లో మొదలైంది. పేరులో ఆ 'ఇండో అమెరికన్' ఊరికే లేదు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు డాక్టర్ల చెయ్యి అందులో ఉంది. అది కేబీఆర్ పార్కుకి దగ్గర్లోనే ఉంది. దూరంగా ఉన్నవాళ్ళు ఊరికేం చేయగలరు అన్నదానికి నీలోఫర్ ఆసుపత్రి తర్వాత నాకు తట్టే రెండో జవాబు అదే.

*

ఇప్పటి సంగతికొస్తే, దారులు తేలికయ్యాయి, మెలికలు మాత్రం పోలేదు. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు బయటికి పంపొచ్చు. 2004లో ఇది మొదలైనప్పుడు పరిమితి 25 వేలే. అమెరికా ఇన్వెస్టర్ వీసాకి కనీస పెట్టుబడి 2022 నుంచి ఎనిమిది లక్షల డాలర్లు. డబ్బున్నవాళ్ళకి ఇవి గుమ్మాలు కావు, టికెట్ ధరలు. కానీ ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న రోజున మన చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు వస్తుంది, ఓటు రాదు. వ్యవసాయ భూమి కొనడానికి లేదు. శంకరపల్లిలోనో మొయినాబాద్‌లోనో నాన్న కొన్న తోట వారసత్వంగా రావొచ్చు, పక్కన ఎకరం కలుపుకుందామంటే కుదరదు. అటువైపు చూస్తే, అమెరికాలో నివాసం లేని విదేశీయుడు అక్కడ ఆస్తి పెట్టి పోతే, అరవై వేల డాలర్లు దాటిన దాని మీద ఎస్టేట్ పన్ను ఉంది. పిల్లల పేర కొందామా మన పేర కొందామా అనే ఇంటి గొడవ వెనక ఉన్న అంకె అది.

చట్టాల సంగతి ఆడిటరు చూసుకుంటాడు. ఆడిటరు చూడలేనివి కొన్నున్నాయి. జూబ్లీహిల్స్‌లో సాయంత్రం పూట వీధుల్లో నడిస్తే రెండంతస్తుల ఇళ్ళలో ఒక్క గదిలోనే లైటు వెలిగే ఇళ్ళు బోలెడు. ఆ గదిలో ఒక పెద్దావిడ. కింద వాచ్‌మన్ కుటుంబం. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి, ఆ ఇంటి జనరేటరు, బోరు, కుక్క, పెద్దావిడ మందుల టైము అన్నీ తెలిసిన మనిషి అతనొక్కడే. పిల్లలకి ఫోన్ కెమెరాలో గేటు కనిపిస్తుంది. ఇంటి గురించి తెలిసింది మాత్రం వాచ్‌మన్‌కే. ఆవిడ పోయాక ఇల్లు డెవలప్‌మెంటుకి వెళ్తుంది, అతను ఊరికి వెళ్తాడు. నిజాం నౌకర్ల ఖాళీ పేజీ అన్నానే, అది ఇంకా ఖాళీగానే ఉంది.

ఆ ఇంటి మనవళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. వాళ్ళకి మంచి స్కూలు, మంచి గాలి, ఇంటిపేరు బరువు లేని బాల్యం దొరికాయి. అవి చిన్న విషయాలు కావు. తాతయ్యతో మాట్లాడ్డానికి కావలసినంత తెలుగు మాత్రం దొరకలేదు. సెలవుల్లో వచ్చినప్పుడు వాళ్ళకి ఈ ఊరు హోటల్లా బాగుంటుంది. ఎవరితో పోట్లాడాలో, ఎవరికి అప్పుపడి ఉన్నామో తెలిసినప్పుడే ఒక ఊరు మనదవుతుందని నేననుకుంటాను. హారోలో చదువుకున్న పిల్లవాడికి చౌమహల్లా లెక్కలు అర్థం కానట్టే, వీళ్ళకి ఈ ఇంటి కాగితాలు అర్థం కావు.

*

ప్రవాసంలో పోయినవాళ్ళని ఎక్కడ పూడ్చారన్నది ఈ కుటుంబాల చరిత్రలో చివరి మాట. ఖలీఫా అబ్దుల్ మజీద్ 1944 ఆగస్టులో పారిస్‌లో కన్నుమూశారు. సొంత దేశంలో పూడ్చడానికి టర్కీ ఒప్పుకోలేదు. పదేళ్ళు పారిస్ మసీదులో ఉన్న శవపేటిక 1954లో మదీనాకి చేరింది. ఆయన కోసం మన ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో కట్టించిన సమాధి ఖాళీగానే ఉండిపోయింది. కూతురు దుర్రు షెహవార్ 2006లో లండన్‌లో పోయారు, అక్కడే బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఉన్నారు. మనవడు ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో పోయారు. ఆయన భౌతికకాయాన్ని విమానంలో హైదరాబాదు తెచ్చారు. తెలంగాణ ప్రభుత్వ లాంఛనాలతో మక్కా మసీదులో తాతముత్తాతల పక్కన పూడ్చారు. పోతే ఇక్కడికే తీసుకురమ్మని ఆయన కోరిక. తాతని రానివ్వని దేశంలో మనవడు పోయాడు. తను వదిలేసి వెళ్ళిన ఊరు మాత్రం చౌమహల్లాలో వరసకట్టి చూసి పంపింది. ఆ తాతకీ ఈ మనవడికీ తేడా అదొక్కటే, తలుపు మూసింది ఒకరి విషయంలో దేశం, ఇంకొకరి విషయంలో తనే. తను మూసుకున్న తలుపు మళ్ళీ తెరవొచ్చు.

ఆ తెరవడం ఎలాగో ఆయన కుటుంబంలోనే ఒకరు చూపించారు. ఆయన మొదటి భార్య ఎస్రా టర్కీ మనిషి. 1970ల్లోనే విడాకులయ్యాయి. ఈ ఊరితో ఆవిడకి లెక్కప్రకారం ఏ బంధమూ మిగల్లేదు. అయినా పాతికేళ్ళ తర్వాత, చిక్కులు విప్పడానికి ఆవిడే వచ్చారు. వారసులతో, లాయర్లతో కూర్చుని కేసులు ఒక్కొక్కటీ రాజీ చేయించారు. తాళాలు వేసి ఉన్న గదులు తీయించి, పెట్టెల్లో కుళ్ళిపోతున్న బట్టలు, ఫోటోలు, కాగితాలు లెక్క రాయించారు. ఫలక్‌నుమా తాజ్ హోటలుకి లీజుకి వెళ్ళి 2010లో తెరుచుకుంది. చౌమహల్లా మరమ్మతులై 2005లో జనం కోసం తెరిచారు. 2010లో యునెస్కో అవార్డు వచ్చింది. ఆవిడ ఇక్కడ స్థిరపడిపోలేదు. వస్తూ పోతూనే ఉన్నారు. అంటే విదేశంలో ఉండటం వల్లే ఇల్లు పాడవదు. ఎవరో ఒకరు 'ఇది నా పని' అనుకుని వచ్చి కూర్చోకపోవడం వల్ల పాడవుతుంది.

కాబట్టి జూబ్లీహిల్స్ డ్రాయింగ్ రూముల్లో ఏ దేశం వీసా అన్నదానికన్నా ముందు మాట్లాడుకోవలసినవి ఉన్నాయి. ఈ ఇంటి కాగితాలు చదవగలిగేది ఎవరు? వాచ్‌మన్‌కి ఇరవై ఏళ్ళ చాకిరీకి ఏమిస్తున్నాం? ఏడాదికి రెండు నెలలైనా వచ్చి ఉండేది ఏ పిల్ల, ఏ పిల్లాడు? ఇవి తేలితే పెర్త్ అయినా డాలస్ అయినా ఒకటే.

చౌమహల్లాకి ఇప్పుడు టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్ళొచ్చు. తుడవడానికి మనుషుల్లేక ఏళ్ళ తరబడి దుమ్ముపట్టిన దీపాల గుత్తులు మళ్ళీ వెలుగుతున్నాయి. ఆదివారం పాతబస్తీ పిల్లలు వాటికింద సెల్ఫీలు తీసుకుంటారు. అదే మనిషిదైన చిరాన్ ప్యాలెస్, ఊళ్ళో అందరికన్నా ధనికులు రోజూ నడిచే బాటకి కూతవేటు దూరంలో, చెట్ల వెనక ఉంది. చూద్దామంటే మాత్రం టికెట్ ఎక్కడా అమ్మరు.